వెనక సీటుకు వెచ్చగాలి

మొన్న పొద్దున తలుపు తీసి బయటికి వస్తే, షెడ్డులో ఉన్న మా పాత కారు బానెట్టు మీద ఒక నిమ్మకాయ కనిపించింది. ఒళ్ళంతా పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దొర్లిపడకుండా కింద గుప్పెడు బియ్యం పోసి మరీ పెట్టారు. పెట్టినవాళ్ళ శ్రద్ధను మెచ్చుకోవాలో, నా బతుకును చూసి నవ్వుకోవాలో తెలియలేదు. ఉదయగిరిలో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఆత్మకూరుకు మారాక కూడా, నిమ్మకాయలకూ తాయెత్తులకూ దిష్టిబొమ్మలకూ వ్యతిరేకంగా గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడినదాన్ని, చిన్న పత్రికలకు వ్యాసాల మీద వ్యాసాలు రాసినదాన్ని, అమావాస్యకు దిగదుడిచి కూడలిలో పడేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి ఇంటికొచ్చినవాళ్ళకు షర్బత్తు కలిపి ఇచ్చి, తాగాక సంగతి చెప్పినదాన్ని. అలాంటి నా వాకిట్లోకే నిమ్మకాయ నడిచొచ్చింది.

ఎవరు పెట్టారో కనుక్కోవడానికి కష్టపడాల్సిన పని లేకపోయింది. ఎదురింట్లో ఇడ్లీలు పోసి అమ్మే ఆమె, గిరాకీ తగ్గాక, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ తనే వచ్చింది. దాపరికమేమీ లేదు. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి నేను రోజూ పొద్దున్నే కారు స్టార్టు చేసి, వెనక సీట్లో కూర్చుంటున్నానట. ఇంజను ఆడుతూ ఉంటుందట, స్టీరింగు ముందు మాత్రం ఎవరూ ఉండరట. ఆ మాట ఆమె కొంచెం గొంతు తగ్గించి చెప్పింది. మా వీధి తన తీర్పు తాను చెప్పేసుకుంది. కారు నడపడానికి మా ఆయన వస్తున్నాడు. బతికి ఉన్నప్పుడు ఈ వీధిలో ఏ పిల్ల ఇంటరు పాసైనా, ఏ పిల్లవాడు ఫెయిలైనా, తర్వాత ఏం చదవాలో చెప్పింది ఆయనే కాబట్టి, ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పడన్నది ఆమె తర్కం.

“అయ్యోరు పొద్దన్నే వస్తా ఉండాడంట గదమ్మా. మా పాపకి నర్సింగు మంచిదో డిగ్రీ మంచిదో ఒక్క మాట అడిగి చెప్పు,” అంది.

మామూలుగా అయితే అక్కడికక్కడే పట్టుకుని కడిగేసేదాన్ని. కానీ ఆమె మొహంలో నన్ను ఆటపట్టించే ఛాయ లేదు. దర్గాకు పోయినంత నమ్మకంగా, రేషను కొట్టుకు పోయినంత మామూలుగా అడిగింది. రేపు పొద్దున రా, కారు ఎందుకు స్టార్టు చేస్తానో కూర్చోబెట్టి చూపిస్తానని చెప్పి పంపాను. పంపినప్పటి నుంచీ ఇలా కాగితం ముందు కూర్చుంటూ లేస్తూ ఉన్నాను. ఆమెకు చెప్పవలసింది గొట్టాలు, నీళ్ళు, గాలి, అది తేలికే. మీలో నా ఈడువాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకు చెప్పవలసింది ఇంకొంచెం ఉంది.

మా కారులో హీటరుంది. ఈ మాట వినగానే నవ్వు రావడం సహజం. రోహిణీకార్తెలో రోళ్ళు పగిలే నెల్లూరు జిల్లాలో, అందులోనూ నీడకు చెట్టు వెతుక్కోవలసిన మెట్ట ప్రాంతంలో, కారుకు హీటరేమిటని ప్రతివాళ్ళూ అడిగారు. అది కారుతో పాటు వచ్చింది కాదు. కారు చేసినవాళ్ళు చలి సంగతి పట్టించుకోకపోతే, చలి ఉన్నవాళ్ళు విడిగా కొనుక్కుని బిగించుకునే సామాను అది. డాష్‌బోర్డు కింద, ఎడమ కాలికి తగిలేటట్టు, అన్నం డేక్సా అంత గుండ్రటి నల్లడబ్బా. ఇంజనును చల్లబరిచే నీళ్ళు కాగిపోయి రేడియేటరుకు పోతాయి కదా, ఆ కాగిన నీళ్ళలో కొంత రెండు రబ్బరు గొట్టాల్లో కారు లోపలికి తెచ్చుకుంటుంది. డబ్బాలో చిన్న రేడియేటరు, దాని వెనక చిన్న ఫ్యాను. ఫ్యాను తిరిగితే వెచ్చటి గాలి. ఆ గాలిని పంచడానికి డబ్బాకు రెండు బుల్లి రేకు తలుపులు, ఒకటి ముందు కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదికి, ఇంకొకటి రెండు సీట్ల సందులోంచి వెనక్కి. ఇంజను పక్కన ఒక కుళాయి ఉంటుంది. అది కట్టేస్తే నీళ్ళు రావు, హీటరు ఉన్నా లేనట్టే. ఇంతే యంత్రం. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు.

ఆ మధ్య నెల్లూరు నుంచి పాత కార్లు పోగుచేసే కుర్రాడొకడు మా కారు చూడడానికి వచ్చాడు. కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, సెల్లులో ఫొటోలు తీసుకుని, కొంటానన్నాడు. చలిదేశాల్లో ఇలాంటి పాత కార్లవాళ్ళు ఈ డబ్బాల కోసం వెతుక్కుంటారట. దొరకనివాళ్ళ కోసం ఇప్పుడు పాత మోస్తరుగానే కొత్తవి చేస్తున్నారట, నీళ్ళ బాధ లేకుండా బ్యాటరీ కరెంటుతో నడిచేవి కూడా ఉన్నాయట. ఇంత మర్యాదగా చెప్పినవాడు చివరికి, తాను కొంటే మాత్రం దీన్ని పీకేస్తానని, మన నెల్లూరులో హీటరుంటే పాత కార్ల పందేనికి తీసుకుపోయిన చోట నవ్వుతారని అన్నాడు. నాకు చలి పోయాక కబురు చేస్తానని చెప్పి పంపాను. అతనికి అర్థం కాలేదు. కాకపోవడమే మేలు.

ఆ కారు ఉదయగిరి వైపు ఒక మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసానిది. పెద్ద డాక్టరు. ఏటా ఎండలు ముదరగానే కొండల మీది చల్లటి ఊరికి పోయేది, అక్కడ చలికి తట్టుకోలేక ఎవరి చేతో ఈ హీటరు బిగించుకుని వచ్చింది. మా ఆయన పుట్టింది ఆమె చేతుల్లోనే. ఆయన మిషను పాలెంలో పుట్టి, మిషను బడిలో చదివి, బైబిలు మొత్తం కంఠతా పట్టి, కంఠతా వచ్చాక ప్రశ్నలు మొదలుపెట్టి, ప్రార్థన వదిలేసి, హైస్కూల్లో సైన్సు మాస్టరైన మనిషి. దొరసాని వయసు మీరి తన దేశానికి వెళ్ళిపోయాక ఆసుపత్రివాళ్ళు కారును వేలానికి పెట్టారు. ఎవరూ ముందుకు రాలేదు. కారులో దొరసాని ఊపిరి ఉందని పుకారు. ఆమె పోయాక కారు తీసిన డ్రైవరు కాలిపిక్కల మీద వెచ్చగా ఎవరో ఊదినట్టయిందట, ఒకసారి కాదు, బండి కదిలినప్పుడల్లా. ఆమె చచ్చిపోలేదయ్యా, సముద్రానికి అవతల నిక్షేపంగా ఉంది, మొన్ననే ఉత్తరం వచ్చిందని మా ఆయన చెబితే, బతికుండేవాళ్ళ దయ్యం ఇంకా మొండిదని సమాధానం వచ్చింది. ఆయన బానెట్టు ఎత్తి చూశాడు. కుళాయి తుప్పుపట్టి తెరుచుకునే ఉండిపోయింది, అంతే. దయ్యం పుణ్యమా అని కారు మాకు దక్కింది.

ఆత్మకూరు బస్టాండు వెనక ఒక మేస్త్రీ ఉండేవాడు. కుళాయి బాగుచేసి ఇస్తూ, ఈ డబ్బా ఎందుకు సార్, పీకి పారేస్తే కాళ్ళు జాపుకోవచ్చు గదా అని సలహా ఇచ్చాడు. మా ఆయనకు ఒక జబ్బుండేది. ఏ వస్తువునైనా పారేసే ముందు అది అక్కడ ఎందుకుందో తెలుసుకోవాలనేవాడు. ఆచారాలను మాత్రం అలా ఎందుకు అడగకుండా పారేయమంటావని నేను వాదిస్తే, అడిగాకే పారేయమంటున్నానని నవ్వేవాడు. డబ్బా ఉండిపోయింది. దాని అసలు ఉపయోగం మాకు తెలిసింది చలిలో కాదు, నడివేసవిలో.

సీతారామపురం దాటి కడప వైపు ఎక్కే కనుమ దారిలో, ఆ రోజుల్లో, వేసవి మధ్యాహ్నం ఏ బండైనా సగం దారిలో ఆగి ఆవిరి కక్కవలసిందే. మేము అవతలి ఊళ్ళలో ఉపన్యాసాలకు పోతూ ఉండేవాళ్ళం. మొదటిసారి మా కారూ వేడి చూపించే ముల్లును ఎర్రగీత దాటించింది. మా ఆయన ఆగి ఆలోచించాడు. ఇంజనులో వేడి ఎక్కువైంది, రేడియేటరు ఒక్కటే దాన్ని బయటికి పంపలేకపోతోంది, మరి మన దగ్గర ఇంకో రేడియేటరు ఊరికే కూర్చుని ఉంది కదా! దిగి కుళాయి తిప్పి, ఫ్యాను వేసి, రెండు రేకుతలుపులూ బార్లా తెరిచాడు. నడినెత్తిన ఎండ, కాళ్ళ మీద నిప్పులకుంపటి. ముల్లు మెల్లగా వెనక్కి వచ్చింది. కిటికీలన్నీ దించుకుని, చెమటలు కారుతూ, నేను తిడుతూ, ఆయన నవ్వుతూ కనుమ ఎక్కేశాం. రోడ్డు ఒడ్డున లారీలూ కార్లూ బానెట్లు తెరుచుకుని వరసగా ఆగి ఉన్నాయి; డ్రైవర్లు మలుపు దగ్గర గుడిలో కొబ్బరికాయలు కొట్టి ఇంజను చల్లబడేదాకా నీడన కూర్చున్నారు. మేలో హీటరేసుకుని పోయే మొగుడూపెళ్ళాలను చూసి వాళ్ళు ఏమనుకున్నారో మాకు తర్వాత తెలిసింది. దేవుణ్ణి తిట్టినందుకు మతి చలించిందనుకున్నారు. వేడి మాయమైపోదని, బండి బతకాలంటే అందులో కూర్చున్నవాళ్ళు కొంత భరించాలని ఆయన ప్రతి సభలోనూ ఈ కథ చెప్పేవాడు. సభ నవ్వేది. నాకు మాత్రం, ఆ మాట బండి గురించి చెబుతున్నట్టు అనిపించేది కాదు.

ఎందుకంటే అప్పటికే మేమిద్దరం అలాంటి వేడిలో కూర్చుని ఉన్నాం. మా నాయన ఉదయగిరి పక్క ఊళ్ళో పెద్ద రైతు, నలుగురికీ తీర్పు చెప్పే మనిషి. పొలం గట్టు తగాదాకు మునసబు దగ్గరికి కాక మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు, ఎందుకంటే ఆయన ఒక మాటంటే దాన్ని మళ్ళీ తిప్పడని పేరు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల, మిషను పాలెం నుంచి వచ్చిన సైన్సు మాస్టరును, మంత్రాలూ ప్రార్థనలూ రెండూ లేకుండా, పదిమంది ముందు దండలు మార్చుకుని పెళ్ళి చేసుకుంది. అత్త, అంటే మా ఆయన తల్లి, మా ఇద్దరి కోసం చనిపోయేదాకా ప్రార్థన చేసింది గానీ గిన్నెడు కూర పంపడం మానలేదు. నాయన తీరు వేరు. సాయంత్రం దీపం పెట్టగానే ఆ దీపం మీద చెయ్యి చాపి, ఈ బిడ్డ పేరు నా నోట రాదు, ఈ బిడ్డతో నేను మాట్లాడను అని ఒట్టేసుకున్నాడు. అమ్మ చెబితే తెలిసింది.

మా ప్రాంతంలో ఒట్టంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. బిడ్డ తల మీద, దీపం మీద, పైరు మీద చెయ్యిపెట్టి అన్న మాట కోసం తరాల తరబడి అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కకుండా చచ్చిపోయిన ఊళ్ళు నాకు తెలుసు. నేను ఆ కోపంలో ఒట్టు మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. నిన్నటి కోపానికి రేపటి మనిషిని బానిసను చేయడమే ఒట్టని, దీపం ఒక వత్తీ నూనే తప్ప సాక్షి కాదని, మాట మార్చుకోలేనివాడు ఆలోచించడం మానేసినవాడని రాశాను. అందులో ఒక్క అక్షరం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ వ్యాసాలకు జవాబు రాసే అలవాటు నాయనకు లేదు. సంతలో ఎదురైతే పక్కకు తిరిగి ఎడ్ల పళ్ళు చూసేవాడు. బస్సులో నేనెక్కితే దిగిపోయేవాడు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవాడు. కోపంగా చూసినా బాగుండేది. నేనున్నచోట గాలి ఉన్నట్టు చూసేవాడు.

అలా ఏళ్ళు గడిచాక ఒక మార్గశిరమాసం తెల్లవారుజామున, మా ఊరి పాలేరు సైకిలు తొక్కుకుంటూ ఉదయగిరిలో మా ఇంటికి వచ్చాడు. నాయనకు చలిజ్వరం. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా మంచం అదిరిపోతోంది. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన చేతులెత్తేసి, ఆత్మకూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అన్న ఊళ్ళో లేడు. ఉన్నది ట్రాక్టరు, ఆ మంచులో, ఆ గాలిలో, తొట్టిలో పడుకోబెట్టి తీసుకుపోతే దారిలోనే పోతాడని అమ్మ భయం. చుట్టుపక్కల తలుపులూ అద్దాలూ ఉన్న బండి మాదొక్కటే. అమ్మ పంపింది.

మేము వెళ్ళేసరికి ఉదయగిరి దుర్గం కొండ మంచులో కనబడడం లేదు. నాయన అరుగు మీద గొంగళి కప్పుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ, కారును చూసి మొహం తిప్పుకున్నాడు. ట్రాక్టరే తీయమని సైగ చేశాడు. నన్ను లోపలికి రమ్మనాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడిన అమ్మకు, ఆ సైగతో, అన్ని ఏళ్ళ ఓపికా ఒక్కసారే అయిపోయింది. మంచాన పడి ఉన్న అవ్వను వదిలి తాను రాలేదు, మొగుడేమో కదలడు.

“నువ్వు ఒట్టేసుకునింది మాట్లాడనని గదా, కారెక్కనని గాదే. నోరు మూసుకోని ఎక్కు,” అంది.

తర్కంలో అంతటి మాట నేను ఏ సభలోనూ వినలేదు. నాయన కూడా కాదనలేకపోయాడు. నోరు మూసుకునే ఎక్కాడు. ముందు సీట్లో ఆయన, పక్కన స్టీరింగు దగ్గర మా ఆయన, వెనక నేను. అమ్మ ఇచ్చిన దుప్పట్లన్నీ నాయన మీదే ఉన్నాయి. మా కారు వెనక కిటికీ అద్దం ఒకటి సగంలో ఇరుక్కుని పైకి లేచేది కాదు. ఊరు దాటగానే ఆ సందులోంచి మంచుగాలి కత్తిలా దిగింది. నేను కొంగు చుట్టుకుని ఆ మూలకే ఒదిగాను. పక్కకు జరగవచ్చు, కానీ జరిగితే ముందు వేలాడే అద్దంలో నాయన మొహం కనబడదు.

ఇంజను వేడెక్కాక మా ఆయన బండి ఆపి, దిగి కుళాయి తిప్పి వచ్చాడు. వెనక్కి తెరుచుకునే రేకుతలుపు మూసి, గాలంతా నాయన కాళ్ళ మీదికే మళ్ళించాడు. ఆ డబ్బా మా చేతికి వచ్చాక, చేసినవాళ్ళు దాన్ని ఏ పనికి చేశారో ఆ పని చేయడం అదే మొదటిసారి. నాయన మొదట ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఒక కాలు ముందుకు వచ్చింది. తర్వాత రెండోది. గొంగళి అంచు పైకెత్తి, వెచ్చగాలి లోపలికి పోయేటట్టు పట్టుకున్నాడు. పళ్ళు కొట్టుకోవడం ఆగింది. ఫ్యాను గరగరమంటూ తిరుగుతోంది. అద్దంలో ఆయన కళ్ళు మూతపడి ఉన్నాయి, నిద్రపోయాడనుకున్నాను.

నిద్రపోలేదు. ఆత్మకూరు ఇంకా దూరంగా ఉందనగా, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, జీవితంలో మొదటిసారి అల్లుడితో మాట్లాడాడు.

“అబ్బయా, గాలంతా నాకే తిప్పినావు. ఎనక అద్దం పైకి రాలేదు. ఎనకుండే మనిషికి చలి కాదా?”

మా ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, వంగి, రెండో చేత్తో రేకుతలుపు తెరిచాడు. రెండు సీట్ల సందులోంచి వెచ్చగాలి నా మోకాళ్ళ మీదికి వచ్చింది. ఊరూరా సభల్లో ఎదుటివాడి మాట పూర్తి కాకముందే జవాబిచ్చే నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. వస్తే ఆయన మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తాడేమోనని భయం. కొంగు విప్పుకుని, చలి తగ్గినట్టు, అద్దంలో కనబడేటట్టు కూర్చున్నాను. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. సాక్ష్యం లేనిది తేల్చి చెప్పే అలవాటు నాకు లేదు.

నాయన బతికాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం బతికాడు. ఆయన ఒట్టు కూడా ఆయనతో పాటే బతికింది. కథల్లో అయితే ఆ రోజుతో అంతా కలిసిపోవాలి, కన్నీళ్ళు కలిసి పారాలి. నేను కథ రాయడం లేదు. కాకపోతే అప్పటి నుంచి ఆత్మకూరులో పని పడ్డా, సంగం ఆనకట్ట కింద బంధువుల పొలం చూడడానికి పోవాలన్నా, ఏ.ఎస్. పేట దర్గా దగ్గర గొర్రెల బేరగాణ్ణి కలవాలన్నా, పాలేరు చేత కారుకు కబురు చేసేవాడు. నేను వెనక సీట్లో ఉంటేనే ఎక్కేవాడని చెప్పలేను; నేను లేని రోజున మాత్రం వెనక్కి ఒకసారి చూసి, దారి పొడుగునా మాట్లాడేవాడు కాదని మా ఆయన అనేవాడు. నేనున్న రోజున ఇద్దరూ ముందు సీట్లలో కూర్చుని దేవుడి గురించీ, రేడియేటరు గురించీ, బోరులో పడని నీళ్ళ గురించీ ఒకటే వాదన. అమ్మకు మోకాళ్ళ నొప్పులని, అవ్వ పోయేముందు మనవరాలిని తలుచుకుందని, ఇంటి వెనక నేను నాటిన సపోటా కాపుకొచ్చిందని, ఆ పండ్లు తినేవాళ్ళు లేక కాకులు తింటున్నాయని, అన్నీ అల్లుడికి చెప్పేవాడు. ఆ మాటలు ముందు సీట్లో పుట్టి రెండు సీట్ల సందులోంచి వెనక్కి వచ్చేవి. నేను వినేదాన్ని. ఎండాకాలంలో కూడా ఎక్కగానే వంగి, వెనక్కి తెరుచుకునే రేకుతలుపు మూసి ఉందా తెరిచి ఉందా అని ఒకసారి చేత్తో తడిమి చూసేవాడు.

చివరి రోజుల్లో మంచం పక్కన నన్ను నిలబెట్టి అమ్మ బతిమాలింది. ఒట్టు తీసి గట్టున పెట్టు, ఒక్కసారి పేరు పెట్టి పిలువు అని. ఆయన నా వైపు చూశాడు, ఈసారి గాలిని చూసినట్టు కాదు, మనిషిని చూసినట్టే. పెదవులు కదిలాయి. మూసుకున్నాయి. ఒట్టు గెలిచింది. దాని మీద నాకు అప్పుడెంత కోపమో ఇప్పుడూ అంతే కోపం. ఆ దీపాన్నీ ఆ మాటనూ నేను ఎన్నటికీ క్షమించను. నన్ను నా పేరుతో పిలవకుండానే ఆయన వెళ్ళిపోయాడు. నా దగ్గర మిగిలింది ‘ఎనకుండే మనిషి’ అన్న ఒక్క పిలుపు.

తర్వాత అమ్మ. తర్వాత ఉద్యోగాలు ముగిసి మేము ఆత్మకూరులో ఈ ఇంటికి రావడం. పిల్లలు లేరు మాకు. ఊరి పిల్లలందరికీ మా ఆయనే ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు. ఆయన పోయి కూడా కొన్నేళ్ళయింది. చెప్పిన ప్రకారమే ఏ తంతూ జరపకుండా దేహాన్ని వైద్య కళాశాలకు అప్పగించాం. అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. వాదించడానికి ఎదురుగా మనిషి లేకపోతే నాస్తికత్వం కూడా ఏం చేసుకోవాలో తెలియని వస్తువవుతుంది. మీటింగులకు పిలిచేవాళ్ళు లేరు. చిన్న పత్రికలు మూతపడ్డాయి. సెల్లులో మాట్లాడితే అవతలివాళ్ళు ‘ఇక ఉంటాను’ అంటూనే మొదలుపెడతారు.

ఈ మధ్య చలి ఎముకల్లోకి దిగుతోంది. వయసు. పాత కారును అప్పుడప్పుడూ ఆడించకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని మేస్త్రీ చెప్పి ఉన్నాడు కాబట్టి పొద్దున్నే స్టార్టు చేస్తాను. షెడ్డుకు మూడు వైపులే రేకులు, ముందంతా బార్లా, పొగ నిలవదు. ఆ మాత్రం సైన్సు నాకూ తెలుసు. ముల్లు పైకి వచ్చేదాకా స్టీరింగు ముందే ఉంటాను. ఫ్యాను వేసి, రేకుతలుపు తెరిచి, దిగి వెళ్ళి వెనక సీట్లో కూర్చుంటాను.

నిన్న పొద్దున ఎదురింటామె చెప్పినట్టే వచ్చింది, కూతురిని కూడా వెంటబెట్టుకుని. నేను బానెట్టు ఎత్తి గొట్టాలు చూపించాను, కుళాయి కట్టి గాలి చల్లబడడం, తిప్పితే మళ్ళీ వెచ్చబడడం చూపించాను. పిల్ల చురుకైనది, నీళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాయో వేలితో గీసి తనే చెప్పింది. నర్సింగు చదవాలని ఉందా అంటే ఉందని తల ఊపింది. అయితే అదే చదవమన్నాను, ఇది చెప్పింది నేను, అయ్యోరు కాదు అని తల్లికి వినబడేటట్టు మరీ అన్నాను. తల్లి ముందు సీట్లో కూర్చుని, చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి, కాళ్ళు కాచుకుంటూ అంతా శ్రద్ధగా విన్నది. దయ్యం లేదని ఒప్పుకుంది. నిమ్మకాయ తీసి కొంగున కట్టుకుంది, పప్పులోకి పిండుకుంటానని. గెలిచాననుకున్నాను.

దిగబోతూ ఆగి, ముందు సీటునూ వెనక సీటునూ మార్చి మార్చి చూసింది.

“అంతా సరే గానమ్మా, ఈడ గదా బాగా వెచ్చగుండేది. మరి నువ్వెందుకు పోయి ఎనక కూర్చుంటావు?”

చిన్నప్పటి నుంచీ అందరినీ ఎందుకని అడిగినదాన్ని. ఆమె జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. నేను ఇడ్లీపిండి పులిసిపోతుందేమో చూసుకోమని చెప్పి పంపాను.

ఇప్పటి కార్లలో మీటలు నొక్కితే చలీ వేడీ క్షణంలో వస్తాయట. అద్దాలన్నీ వాటంతట అవే పైకి లేస్తాయి. ఆ నెల్లూరు కుర్రాడు చెప్పాడు, పెద్ద కార్లలో వెనకవాళ్ళకు వేరే గాలి, వేరే మీట. ఎవరికి కావలసినంత వాళ్ళే తిప్పుకోవచ్చునట. మంచిదే. సౌకర్యాన్ని నిందించేంత మూర్ఖురాలిని కాను. కానీ ఆ బండ్లలో, ముందు కూర్చున్న మనిషి తన కాళ్ళు వెచ్చబడ్డాక, వెనకున్న మనిషికి చలి కాదా అని అడగవలసిన పని ఇక ఎన్నటికీ రాదు. అందుకే ఈ రోజు కూడా ఇంజను స్టార్టు చేసి, దిగి, వెనక్కి వెళ్ళి, అద్దం ఇరుక్కుపోయిన ఆ మూలకే ఒదిగి కూర్చున్నాను. ఎదురుగా రెండు సీట్లూ ఖాళీ. వాటి సందులోంచి గాలి రావడానికి కాసేపు పట్టింది. వచ్చింది.